బొమ్మ పోనాది

సినిమా ఎలాగుందని హాలు గేటు దగ్గర ఎవరైనా అడిగితే ‘బాగుంది బాబూ’ అనేసి పక్కకి తప్పుకోవాలి. ఆ ఇంగితం అచ్చియమ్మకి లేకపోయింది. అడిగినవాడికి ఉన్నదున్నట్టు చెప్పడమే ఆవిడెరుగును. పెళ్ళి భోజనంలో పప్పుకి ఉప్పు తగ్గితే తగ్గిందనే చెబుతుంది. అందుకని ఆవిడ కూచున్న పంక్తిలో వడ్డించడానికి చుట్టాలు జడుస్తారు.

శుక్రవారం నాడు నర్సీపట్నంలో మ్యాట్నీ వదిలేసరికి ఎండ ఇంకా మండిపోతోంది. పిల్లలు గోలగోలగా బయటికి పడ్డారు. అచ్చియమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవారగా నడిచొచ్చింది. ఏడుపు ఆగడం లేదు. సినిమాకి ఏడవడం ఆవిడకి కొత్త కాదు గానీ, ఇది బొమ్మల సినిమా. ఇంగ్లీషులో తీసి తెలుగు మాటలు పెట్టారు. వీడియో గేములోకి దూరిపోయిన ఒక కుటుంబం, గెంతడాలు, పరిగెత్తడాలు, రంగురంగుల గోడలు. చిన్నపిల్లలు నవ్వుకోడానికి తీసిన దానికి అరవయ్యేళ్ళ మనిషి ఏడవడమేమిటని ఆవిడకే సిగ్గుగా ఉంది.

ఆ గేము లోపల ఒక నీలంరంగు బొమ్మ ఉంది. పొట్టి కాళ్ళు, బల్లలాంటి వీపు. గొయ్యి వచ్చిన చోటల్లా బోర్లా పడుకుంటుంది. అమ్మా నాన్నా, ఇద్దరు పిల్లలూ దాని వీపు తొక్కుకుంటూ అవతలికి పోతారు. తొక్కినప్పుడల్లా దాని నెత్తి మీద వెలిగే ఎర్రటి గుండెకాయల్లో ఒకటి ఆరిపోతుంది. చివర్న నిప్పుల గొయ్యి వచ్చింది. అప్పటికి ఒక్క గుండెకాయే మిగిలింది. అయినా అది పడుకుంది. వాళ్ళు దాటారు. అది చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి గాలిలో కలిసిపోయింది. ఆ వెంటనే వాళ్ళింట్లో పుట్టినరోజు, కేకు, పాట.

గేటు దగ్గర గోపీకృష్ణ అనే అతను ఫోనుకి మైకు తగిలించుకుని నిలబడ్డాడు. ఊళ్ళో ఏ సినిమా వచ్చినా జనాన్ని అడిగి వీడియోలు పెడుతూంటాడు. ఆవిడ ఏడుపు చూసి చటుక్కున మైకు ముందుకి చాపాడు.

“బొమ్మెలాగుందమ్మా?”

బొమ్మెలాగుందని అడిగాడు. అచ్చియమ్మ బొమ్మ సంగతే చెప్పింది.

“బొమ్మ పోనాది బాబూ,” అంది కొంగు తీసి. “అన్నాయంగా పోనాది.”

అక్కడితో ఆగలేదు. “నలుగురూ దాని ఈపు మీంచి ఎల్లిపోనారు. ఒక్కలు, ఒక్కలంటే ఒక్కలు ఎనక్కి తిరిగి సూసినారేటి? ఇంటికెల్లి కేకు కోసుకున్నారు. మనల్ని దాటించింది సచ్చిపోతే ఒక నిమసం ఊరుకోవద్దేటి? ఎంటనే డేన్సు కట్టీడమేటి? పిల్లలకి అదేనేటి నేర్పడం?”

ఇంకా చెప్పాలనే ఉంది. అంతలో గోపీకృష్ణ “థాంక్సమ్మా” అని మైకు ఇంకొకరి మూతి దగ్గర పెట్టేశాడు.

తమ్ముడు తాతాజీ బుకింగు కిటికీ దగ్గర మిగిలిపోయిన టికెట్ల కట్టకి రబ్బరుబేండు చుడుతున్నాడు. ఈ హాలు లీజుకి తీసుకున్నది అతనే. అక్కని చూసి నవ్వాడు.

“ఏటప్పా, ఏడిసినావా? గుంటల సినిమాకి? పిల్లలే నవ్వుతుంటేను?”

“నవ్వకురా. ఆ నీలంబొమ్మని సంపకుండా ఉండాల్సింది.”

“నీకు సెప్పి తీత్తారేటి వోల్లు,” అన్నాడు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పల్చబడిపోతున్న జనం వేపే చూస్తున్నాడు. హాలు సగం కూడా నిండలేదు. “సెలవుల్లో గుంటలొత్తారని ఇదేసినానప్పా. ఇదీ ఆడకపోతే ఉమామహేశ్వరరావుగారు కుర్సీలు పీకించీసి ఫంక్షన్ హాలు సేసెత్తారంట. మొన్నొచ్చి గోడలు కొలిపించుకుని ఎల్లినారు.”

ఉమామహేశ్వరరావు హాలు యజమాని. తాతాజీ మీసాలు రాని రోజుల్లోనే ఈ హాల్లో రీళ్ళు చుట్టడానికి చేరాడు. తర్వాత ఆపరేటరయ్యాడు. ఇంకో పని రాదు అతనికి. వస్తుందని ఎవరూ అనుకోలేదు కూడా.

“ఆడతాదిరా. ఎందుకాడదు,” అంది అచ్చియమ్మ.

తాతాజీ భార్య పుష్పవతి కేంటీన్లోంచి వచ్చి సమోసాల పొట్లం చేతిలో పెట్టింది. “బస్సులో తినండి వొదినా. ఎలాగూ మిగిలిపోనాయి.”

*

అచ్చియమ్మది రావికమతం పక్క పల్లె. మర్నాడు పొద్దున్నే వాకిట్లో గోనెసంచుల మీద కూచుని జీడిపళ్ళ నుంచి పిక్కలు వేరు చేస్తోంది. పండు ఒక చేత్తో, పిక్క ఒక చేత్తో పట్టుకుని మెలి తిప్పడం, పిక్కని ఎండలోకి విసరడం, పండుని తొట్టిలో వేయడం. ఆ పని చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. ఆవిడ మనసు ఇంకా ఆ నిప్పుల గొయ్యి దగ్గరే ఉంది. ఆ సినిమాలో కొడుకున్నాడే, వాడు మరీ. గొయ్యి రాగానే ‘పడుకో’ అని వేలు చూపిస్తాడు. అడగడం కూడా లేదు. తల్లయినా మందలించదు.

పక్కింటి కోడలు సింహాద్రమ్మ ఫోను పట్టుకుని గోడ దాటొచ్చింది. “అత్తా, నీ మొకం లోకమంతా తిరుగుతంది సూడు.”

ఫోన్లో అచ్చియమ్మ కొంగు తీసి ఏడ్చింది. “బొమ్మ పోనాది బాబూ. అన్నాయంగా పోనాది.” వెనకాల ఎవరో అతికించిన గాడిద ఓండ్ర చప్పుడు. అంతే. మళ్ళీ మొదట్నించి అదే ఏడుపు, అదే ఓండ్ర. సింహాద్రమ్మ వేలితో తోస్తూంటే ఇంకా ఇంకా వచ్చాయి. క్రికెట్టులో ఓడిపోయినవాడికీ ఆవిడ ఏడుపే, పరీక్ష తప్పినవాడికీ ఆవిడ ఏడుపే, కరెంటు పోయిన వీధికీ ఆవిడ ఏడుపే.

“మిగతాదేదే? కేకు కోసిన సంగతీ, ఎనక్కి తిరగని సంగతీ సెప్పినాను కదా.”

“ఇంతేనత్తా ఉంది.”

“పోన్లే. దాని కోసం ఒక్కరైనా ఏడిసినట్టుంది.”

సింహాద్రమ్మ నవ్వు ఆపేసింది. “దేనికోసమత్తా? బొమ్మ పోనాదంటే సినిమా పోనాదని గదా. ఆడదని. అందరూ అలాగే అనుకుంటన్నారు. నీ తమ్ముడి హాల్లోంచి వొచ్చి నువ్వే...” అని ఫోను బోర్లా తిప్పేసింది.

అచ్చియమ్మ చేతిలో పండు చితికి రసం మోచేతి దాకా కారింది. ఆ మాట ఆవిడ ఎరగనిది కాదు. ‘బొమ్మ పడిపోనాదా’ అని అడుగుతూ టెంటుహాలుకి పరిగెత్తిన రోజులు ఆవిడకీ ఉన్నాయి. ఆ నిమిషాన మాత్రం ఆవిడకి బొమ్మంటే నీలంబొమ్మే. ఇంకోటి తోచలేదు. తోచి ఉంటే నాలిక కోసుకుని ఉండేది.

సింహాద్రమ్మ ఫోను నుంచే తమ్ముడికి చేయించింది. ఎత్తలేదు. తన ఫోను నుంచి చేసింది. కట్ చేసేశాడు. పుష్పవతికి చేస్తే ఎత్తింది గానీ, “ఊపిరి సలపడం లేదు వొదినా, మల్లీ సేత్తాను” అని పెట్టేసింది. ఆ వెనకాల ఒకటే గోల, ఇనప కుర్చీలు కదులుతున్న చప్పుడు. అచ్చియమ్మకి అది ఉమామహేశ్వరరావుగారి మనుషులు కుర్చీలు పీకుతున్నట్టే వినిపించింది.

“నా నోట్లో మన్నెయ్య,” అనుకుంది పైకే. తల్లి పోయాక చంకనేసుకుని తిప్పింది తను. తన వాటా అన్నం కూడా వాడి కంచంలో పెట్టింది తను. ఇప్పుడు వాడి కడుపు మీద కొట్టిందీ తనే. కోపం రాదూ? ఫోను కట్ చెయ్యడూ?

ఆ రోజు పిక్కల పని ముందుకి సాగలేదు. మధ్యాన్నం తోటలోకెళ్ళి లేత కాయలు కోసుకొచ్చింది. తాతాజీకి పచ్చి జీడిపప్పు కూరంటే చచ్చేంత ఇష్టం, ఈ ఏడాది ఇంకా పంపలేదు. చేతులకి బూడిద రాసుకుని కాయల్ని కత్తిపీట మీద చీలుస్తూ పుల్లతో పప్పు తీసింది. ఎంత బూడిద రాసినా కాయలోని జీడి చమురు ఊరుకుంటుందా. వేళ్ళ కొసలు చుర్రుమన్నాయి, తర్వాత పొక్కాయి. పొక్కనీ అనుకుంది. పొక్కాల్సినవే.

*

ఆదివారం చోడవరం వేపు నుంచొచ్చే బస్సెక్కింది. ఒళ్ళో పచ్చి జీడిపప్పు పోసిన స్టీలు డబ్బా. వెనక సీటులో ఎవరో కుర్రాళ్ళు ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ వేసుకుని నవ్వుతున్నారు. అచ్చియమ్మ కొంగు ముసుగేసుకుని కిటికీ వేపు తిరిగింది.

ఏం చెప్పాలో దారి పొడుగునా కూడదీసుకుంది. ఆ మైకు అబ్బాయిని పట్టుకుని, ‘పోనాది బొమ్మే గానీ సినిమా కాదు బాబూ’ అనాలి. అది అబద్ధం కాదు. ఆవిడ అబద్ధం చెప్పబోవడం లేదు. నిజానికి సినిమా ఆవిడకి నచ్చింది. నచ్చకపోతే ఏడుపెందుకొస్తుంది? ఆ తల్లి గేము ఆడ్డం రాక అన్ని మీటలూ ఒక్కసారే నొక్కేస్తే అందరూ తలకిందులుగా వేలాడ్డం ఎంత బాగుందో. తండ్రి తలుపుతో తగువు పెట్టుకోవడం బాగుంది. పిల్ల పాట బాగుంది. ఉన్న పేచీ ఒక్కటే. బొమ్మ పోయాక వాళ్ళు కాసేపు ఊరుకుని ఉండాల్సింది, అంతే. ఇంత విడమర్చి చెబితే జనానికి అర్థం కాదా? అర్థమయ్యి పిల్లల్ని తీసుకుని రారా? రాకపోతే తమ్ముడి కాళ్ళయినా పట్టుకుంటుంది. పెద్దదైతే మాత్రమేం, తప్పు తప్పే.

బస్సు కాంప్లెక్సులో దిగి ఆటో ఎక్కింది. హాలు ఇంకా కనపడకముందే ఆటో ఆగిపోయింది. రోడ్డు నిండా మోటారు సైకిళ్ళు, జనం.

“ఏటి బాబూ, గొడవేటైనా జరిగిందా?”

“గొడవేటమ్మా, సినిమా జనం. నిన్నట్నుంచీ ఇలాగే ఉంది,” అన్నాడు ఆటోవాడు.

అచ్చియమ్మ దిగి డబ్బా పొట్టకి అదుముకుని జనం మధ్యనుంచి నడిచింది. హాలు గోడకి అంత ఎత్తున ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో సినిమా కుటుంబం ఒక మూలకి ఒదిగిపోయింది. నడి మధ్యన ఆవిడ మొహం. నోరు తెరిచి, ముక్కు ఎర్రబడి, కొంగు జారి. కింద పెద్ద పెద్ద అక్షరాలు: ‘బొమ్మ పోనాది బాబూ! ఎలగ పోనాదో సూడ్డానికి బేగి రండి.’

ముందు గోపీకృష్ణ చేసిన ఆగడమనుకుంది. అంతలో నిచ్చెన కనిపించింది. నిచ్చెన మీద తాతాజీ. చేతిలో బంతిపూల దండ. దాన్ని ఫ్లెక్సీ కొసకి కట్టి, సరిగ్గా ఆవిడ మొహం చుట్టూ పడేలా సర్దుతున్నాడు. కింద కుర్రాళ్ళు ఈలలు వేస్తున్నారు. హీరోల బొమ్మలకి వేస్తారు దండలు, అది ఆవిడా చూసింది. తన బొమ్మకి పడ్డ దండ చూస్తే మాత్రం పోయినవాళ్ళ ఫొటోలే గుర్తొచ్చాయి.

“అప్పా,” అని నిచ్చెన మీంచే కేకేశాడు తాతాజీ. గబగబా దిగొచ్చి రెండు భుజాలూ పట్టుకున్నాడు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. “నానే కబురెట్టేత్తును. నిన్న ఫోను సూసుకోడానికి కూడా తీరలేదు. నీ మాట సూసి ఎక్కడెక్కడి జనమో ఒత్తన్నారప్పా. చింతపల్లి నుంచి కూడా జీపు కట్టుకుని ఒచ్చినారు.”

“నీకు కోపం లేదేటిరా?”

“కోపమెందుకు? నువ్వే కదా నిలబెట్టినావు. పొద్దున్నే ఉమామహేశ్వరరావుగారు ఫోన్ సేసి, ఫంక్షన్ హాలు మాట ఈ ఏడు కాదులే అన్నారు.” అతని కళ్ళు మెరుస్తున్నాయి. “సంతోషం కాదేటప్పా?”

“సంతోషమేరా,” అంది. సంతోషమే. వాడి హాలు నిలిచింది. అంతకంటే ఆవిడకేం కావాలి? అయినా ఫ్లెక్సీ వేపు చూస్తూ అంది. “నన్నొకమాట అడగాల్సిందిరా.”

“నీ దగ్గర అడగడమేటి,” అన్నాడు తాతాజీ. ప్రేమగానే అన్నాడు. ఎవరో టికెట్ల గురించి కేకేస్తే అటు పరిగెత్తాడు.

డబ్బా కేంటీన్లో పుష్పవతికిచ్చింది. పుష్పవతి మూత తీసి చూసి, పప్పు సంగతి వదిలేసి ఆవిడ వేళ్ళు పట్టుకుంది. పొక్కుల మీద కొబ్బరినూనె రాస్తూ తలెత్తకుండా అంది. “నాను వొద్దన్నాను వొదినా. ఆవిడ మనసు కట్టపడతాదన్నాను. మా అప్పే కదా, ఏటనుకోదన్నారు మీ తమ్ముడు.”

“నువ్వు సమోసాలు సూసుకో. మాడతన్నాయి,” అంది అచ్చియమ్మ. “నన్ను లోపల కూకోబెట్టు. ఇంకోపాలి సూత్తాను.”

*

కుర్చీలన్నీ నిండిపోయాయి. పుష్పవతి గోడవారగా స్టూలు వేయించింది. అచ్చియమ్మ ముసుగు సర్దుకుని కూచుంది. చీకట్లో ఆవిణ్ణి ఎవరూ పోల్చుకోలేదు.

ఈసారి సినిమాని ఎవరూ చూడలేదు. తల్లి అన్ని మీటలూ నొక్కినప్పుడు నవ్వు రాలేదు. తండ్రి తలుపుతో తగువాడినప్పుడు ముందు వరసలో ఎవడో “ఇంకెంతసేపురా” అన్నాడు. అందరూ దాని కోసమే కాచుక్కూచున్నారు. నీలంబొమ్మ నిప్పుల గొయ్యి దగ్గరికి పొట్టి కాళ్ళతో నడిచొచ్చేసరికి హాలు నిండా ఫోన్లు లేచాయి. అది బోర్లా పడుకుంది. మొదటి అడుగు పడింది. రెండో అడుగు. గుండెకాయ ఆరింది.

“బొమ్మ పోనాది బాబూ,” అని హాలంతా ఒక్క గొంతుతో అరిచింది. ఈలలు, చప్పట్లు, చింపిన కాగితాలు తెర మీదికి ఎగిరాయి. ఆవిడ ఏడుపు రాగాన్ని కూడా వదల్లేదు, ‘అన్నాయంగా’ దగ్గర అందరూ దీర్ఘం తీశారు.

పక్క కుర్చీలో ఒక చిన్నపిల్ల వెక్కుతోంది. “నీలంబొమ్మ ఏదీ నాన్నా,” అంటోంది. వాళ్ళ నాన్న ఫోను దించకుండానే, “ఏడవకే, ఇది కామెడీ,” అన్నాడు. పిల్ల చుట్టూ చూసింది. అందరూ నవ్వుతూంటే కాసేపటికి తనూ నవ్వింది.

అచ్చియమ్మకి అప్పుడు నిజంగా కష్టం వేసింది. ఆ బొమ్మ కోసం ఏడిచింది తనొక్కర్తే. ఇంక ఈ ఊళ్ళో దానికోసం ఎవరూ ఏడవడానికి వీల్లేకుండా చేసిందీ తనే. నోరు మూసుకుని బస్సెక్కి ఉంటే ఆ పిల్లయినా కడుపారా ఏడ్చుకునేది. అప్పుడు హాలు ఉండేది కాదేమో. రెండూ కావాలంటే ఎలాగని తనని తనే తిట్టుకుంది.

తలుపు దగ్గర తెర వెలుగు పడి తాతాజీ మొహం కనిపించింది. చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టిస్తున్నాడు. అతని నోరు కూడా ఆ మాటే అంటోంది.

తెర మీద కేకు వచ్చింది. పాట మొదలైంది.

*

ఆట వదిలాక గోపీకృష్ణ గేటు దగ్గర సిద్ధంగా ఉన్నాడు. ఈసారి స్టాండు, రెండు లైట్లు కూడా తెచ్చాడు. తాతాజీ అక్క చెయ్యి పట్టుకుని ఫ్లెక్సీ కిందికి తీసుకొచ్చాడు. ఆవిణ్ణి చూడగానే జనం మూగారు. కొందరు పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నారు. ఎవరూ పొల్లు మాట అనలేదు. ముసలమ్మగారూ, నవ్వండీ అన్నారు.

“ఒక్క వీడియో అప్పా,” అన్నాడు తాతాజీ. “వొచ్చే శుక్రవారం దాకా లాక్కెల్లిపోద్ది.”

గోపీకృష్ణ మైకు చాపాడు. “బొమ్మెలాగుందమ్మా?”

ఇదే అవకాశమనుకుంది. బస్సులో కూడదీసుకున్నదంతా నోటి దాకా వచ్చింది. “సినిమా బాగుంది బాబూ. మొన్న నాను సెప్పిందంతా నువ్వు ఎయ్యలేదు. పోనాది సినిమా కాదు, ఆ నీలంబొమ్మ. వోల్లని దాటించి దాటించి అది...”

“అంతొద్దమ్మా. ఆ ఒక్క ముక్క అనండి సాలు.”

“ఆ ముక్క ఎందుకన్నానో సెప్పాలి కదా.”

జనంలో అలికిడి మొదలైంది. వెనకనుంచి ఎవరో, “మామ్మా, బేగి అనీ, టిక్కెట్లు అయిపోతన్నాయి,” అని అరిచారు. అచ్చియమ్మ తమ్ముడి వేపు చూసింది. చిన్నప్పుడు మిఠాయి కొట్టు ముందు నిలబడి కొంగు పట్టుకుని లాగే మొహమే అది. ఆ మొహానికి ఆవిడ ఏనాడూ లేదనలేదు.

“బొమ్మ పోనాది,” అంది.

జనం గొల్లున నవ్వారు. ఈలలేశారు. గోపీకృష్ణ మాత్రం ఫోనులోకి చూసుకుని పెదవి విరిచాడు. “సరిగ్గా రాలేదన్నా. కన్నీల్లు లేవు.”

తాతాజీ దగ్గరికొచ్చి చెవి దగ్గర మెల్లిగా అన్నాడు. “అప్పా, మొన్నటిలాగ ఏడుస్తా అను. ఒక్కపాలి.”

అచ్చియమ్మ ప్రయత్నించింది. తమ్ముడడిగాడు కదా. కళ్ళు మూసుకుని నీలంబొమ్మని తలుచుకుంది, దాని పొట్టి కాళ్ళు తలుచుకుంది, ఆరిపోయిన గుండెకాయని తలుచుకుంది. చెవిలో చప్పట్లే మోగాయి. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

“రావట్లేదురా,” అంది. ఉన్నదున్నట్టే చెప్పింది.

లోపల ఫస్టు షో గంట కొట్టారు. జనం ఒక్కసారిగా గేటు వేపు తోసుకున్నారు. “సర్లే అప్పా, ఇదే సాల్లే,” అని తాతాజీ గేటు వేపు పరిగెత్తాడు. గోపీకృష్ణ లైట్లు ఆర్పి స్టాండు మడుచుకున్నాడు. బంతిపూల దండ కింద అచ్చియమ్మ ఒక్కతే మిగిలింది.

బస్సు వేళయిందని తెలుసు. అయినా కదల్లేదు. గేటు దగ్గర తాతాజీ వీపు కనబడుతోంది, టికెట్లు చింపుతున్నాడు, లోపలికి తోస్తున్నాడు, నవ్వుతున్నాడు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాడేమోనని నిలబడింది. అందరూ లోపలికెళ్ళిపోయారు. తాతాజీ కూడా లోపలికెళ్ళి గేటు మూసేశాడు. ఆట మొదలైంది.